చిన్నప్పటి గాయం మీద కలలాంటి డాక్యుమెంటరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఆరో తరగతిలో ఉండగా ఒక ట్యూషన్ మాస్టారి దగ్గర నాకు జరిగిన దాని మీద, 25 ఏళ్ల తర్వాత 14 నిమిషాల చిన్న సినిమా తీసుకున్నాను. చూసినవాళ్లు కొద్దిమందే, కానీ వాళ్లు ఇంకొకరికి చెప్పడం, వాళ్లు ఇంకొకరికి చెప్పడం వల్ల అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. చాలామంది "మా ఫ్రెండ్ కోసం అడుగుతున్నా" అని మొదలుపెడతారు. పర్వాలేదు, అలాగే అడగండి. అందరికీ ఒక్కచోట చెప్తే మేలని ఇది రాస్తున్నాను. జరిగిందేంటో ఇందులో వివరంగా ఎక్కడా రాయలేదు, అయినా చదువుతుంటే గుండె బరువెక్కితే ఆపేయండి. ఇంకో రోజు చదవొచ్చు.

కలలాంటి డాక్యుమెంటరీ ఏంటి? డాక్యుమెంటరీ అంటే ఉన్నది ఉన్నట్టు చూపించాలి కదా?

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కుర్చీలో ఒక మనిషి కూర్చుని జరిగింది వరసగా చెప్తాడు, మధ్యమధ్యలో పాత ఫొటోలు వస్తాయి, అదీ డాక్యుమెంటరీ అని. కానీ చిన్నప్పుడు దెబ్బతిన్న మనిషికి జ్ఞాపకం వరసగా రాదు. తారీకు గుర్తుండదు, గోడ రంగు గుర్తుంటుంది. అన్న మాట గుర్తుండదు, సుద్దముక్కల వాసన గుర్తుంటుంది. గది అసలున్న దానికంటే చాలా పెద్దగా కనిపిస్తుంది, తలుపేమో ఎక్కడో దూరంగా ఉంటుంది. విపరీతమైన భయంలో ఉన్నప్పుడు మనసు జరిగేదాన్ని కథలా కాకుండా ముక్కలు ముక్కలుగా దాచుకుంటుందని కొందరు సైకాలజిస్టులు చెప్తారు. కొందరికైతే పైకప్పు దగ్గర నుంచి తమ ఒంటిని తామే చూస్తున్నట్టు ఉంటుంది, దాన్నే డిసోసియేషన్ అంటారు. అలాంటి జ్ఞాపకాన్ని పోలీసు స్టేట్‌మెంట్‌లా వరసపెట్టి చెప్పించడం కంటే కలలా చూపిస్తేనే నిజానికి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

ఇది కొత్త పద్ధతేం కాదు. కంబోడియా దర్శకుడు రితీ పాన్ అక్కడి ఖ్మేర్ రూజ్ అనే క్రూరమైన పాలనలో నలిగిపోయిన తన చిన్నతనాన్ని 2013లో మట్టిబొమ్మలతో చూపించారు, ఎందుకంటే ఆ రోజులకి ఫొటోలే మిగల్లేదు. మనకీ అంతే కదా, ఆ గదికి ఫొటో ఎక్కడుంటుంది.

ఎప్పుడూ 'ప్రొసెషన్' గురించి చెప్తుంటారు, అందులో అంత ఏముంది?

నన్ను కదిలించిన సినిమా అది, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

2018 ఆగస్టులో అమెరికాలోని కాన్సస్ సిటీలో కొందరు మగవాళ్లు ప్రెస్ మీట్ పెట్టి, చిన్నప్పుడు చర్చి ఫాదర్లు తమని లైంగికంగా హింసించారని బయటికి చెప్పారు. దర్శకుడు రాబర్ట్ గ్రీన్ అది చూసి వాళ్ల లాయర్ రెబెకా రాండల్స్‌ని కలిశారు. తర్వాత ఆరుగురు బాధితులు, మోనికా ఫిన్నీ అనే డ్రామా థెరపిస్టు (నటన ద్వారా మనసుకి చికిత్స చేసేవారు), ఆ లాయరు, సినిమా టీమ్ కలిసి మూడేళ్లు పనిచేశారు. 2021 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది.

మామూలుగా అయితే దర్శకుడు ప్రశ్నలడిగి వాళ్లని ఏడిపించి వెళ్లిపోయేవాడు. ఇక్కడ అలా కాదు. ఎవరి సీన్ వాళ్లే రాసుకున్నారు, సెట్టు ఎలా ఉండాలో, కెమెరా ఎక్కడుండాలో వాళ్లే చెప్పారు, ఒకరి సీన్‌లో ఇంకొకరు నటించారు. అందరి చిన్నతనానికీ ఒకే అబ్బాయి నటించాడు. హింసని మాత్రం ఎక్కడా చూపించలేదు. దాని చుట్టూ ఉన్నవే చూపించారు: ఫాదర్లు వేసుకునే పొడుగు అంగీలు, కారిడార్లు, చర్చిలో పూజ తంతు, ఒక చెరువు ఒడ్డు ఇల్లు. ఆ ఇంటిని వెతుక్కుంటూ ఒకాయన తన అన్నదమ్ముడితో కలిసి కారులో తిరుగుతారు, ఆ భాగం చూస్తుంటే నా చేతులు చల్లబడిపోయాయి. ఇంకొకాయనకి కోర్టు కేసు నడుస్తోంది కాబట్టి తన కథ తను చెప్పకూడదు. ఆయన ఊరుకోలేదు, మిగతావాళ్ల సీన్లలో ఆ ఫాదర్ వేషం తను వేశారు. ఆలోచించండి, ఏ అంగీని చూస్తే వణుకు పుడుతుందో ఆ అంగీనే పక్కవాడి కోసం ఒంటి మీద వేసుకోవడం. తన ఫిర్యాదు విన్న చర్చి బోర్డు గదిని సెట్టుగా వేయించుకుని, ఆ బోర్డు మీద గొంతు చించుకుని అరిచిన పెద్దాయన ఇంకొకరు. చివర్లో 'ఎ ఫిల్మ్ బై' అన్నచోట దర్శకుడి పేరొక్కటే ఉండదు, వాళ్లందరి పేర్లూ ఉంటాయి.

చిన్నప్పుడు ఆ గదిలో ఏదీ మన చేతిలో లేదు. ఇక్కడ లైటు ఎప్పుడు వెయ్యాలో, తలుపు ఎప్పుడు తెరవాలో, 'కట్' ఎప్పుడు చెప్పాలో అన్నీ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. నాకు అర్థమైనంతవరకూ మందు ఏదైనా ఉంటే అదే, కెమెరా కాదు.

మరి మీరేం తీశారు?

టేబుల్ ఫ్యాన్ తీశాను.

ఆ మేడ మీది గదిలో ఒక టేబుల్ ఫ్యాన్ ఉండేది. తల అటూ ఇటూ తిప్పుతూ, కుడివైపు చివరికి వెళ్లినప్పుడల్లా 'టిక్' అని చప్పుడు చేసి వెనక్కి తిరిగేది. నేను ఆ టిక్కులు లెక్కపెట్టేవాణ్ణి. అంతకుమించి ఆ గది గురించి నాకు సినిమాలో చెప్పాలనిపించలేదు.

అలాంటి ఫ్యాన్ కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతలో నాలుగు వారాలు తిరిగాను. చివరికి లేత ఆకుపచ్చ రంగుది, జాలీ తుప్పు పట్టింది, 350 రూపాయలకి దొరికింది. "మూడో నంబర్ మీదే తిరుగుద్ది అన్నా, మిగతావి పనిచెయ్యవ్" అన్నాడు అమ్మినతను. ఇంటికి తెచ్చి పెడితే టిక్ లేదు. సౌండ్ చూసుకునే మా ఫ్రెండు ఇంట్లో పడున్న పెళ్లికార్డు అట్ట చిన్న ముక్క కత్తిరించి, తల తిరిగే చోట వెనకాల ఇరికించాడు. అంతే, ఆ చప్పుడే వచ్చింది. నేను వెంటనే బయటికి వెళ్లిపోయి మెట్ల మీద కూర్చున్నాను. వాడు ఏమీ అడగలేదు, ఫ్యాన్ ఆపేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఫోన్‌ని నాలుగు పుస్తకాల మీద పెట్టి తీశాం, నేల మీద కూర్చున్న పదకొండేళ్ల పిల్లాడి కళ్లెత్తుకి సరిపోయేలా. చాప, పలక, సుద్దముక్క, ఫ్యాన్, అంతే, మనిషి లేడు. షాట్ చివర్లో నా చెయ్యి ఫ్రేములోకి వచ్చి స్విచ్ ఆపుతుంది. రెక్కలు వెంటనే ఆగవు కదా, మెల్లగా, ఇంకా మెల్లగా తిరిగి ఆగుతాయి. అప్పట్లో ఆ స్విచ్చు నాకు అందని ఎత్తులో ఉండేది. ఆ రోజు 11 టేకులు తీశాం, నిజానికి రెండోదే బాగా వచ్చింది, మిగతావన్నీ ఆ స్విచ్ మళ్లీ మళ్లీ ఆపాలనిపించి తీసినవి. ఎడిటింగ్‌లో ఒకచోట ఫ్యాన్‌ని వెనక్కి తిప్పాను, ఒకచోట టిక్‌కీ టిక్‌కీ మధ్య నిశ్శబ్దాన్ని సాగదీశాను. పెళ్లిళ్ల తలంబ్రాలు స్లో మోషన్‌లో పెట్టడానికి రోజూ వాడే పనిముట్లే ఇవి.

తీస్తే తగ్గిపోతుందా? డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదా?

వెళ్లాలి. సినిమా తీయాలన్న ఆలోచన రాకముందే నేను క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి ఎనిమిది నెలలు వెళ్లాను, షూటింగ్ చేసినన్నాళ్లూ వెళ్లాను, ఇప్పటికీ అప్పుడప్పుడు వెళ్తున్నాను. డ్రామా థెరపీ అనేది దానికంటూ శిక్షణ ఉన్న వృత్తి. 'ప్రొసెషన్'లో ఆ థెరపిస్టు పక్కన ఉన్నారు కాబట్టే వాళ్లు అంత లోతుకి దిగగలిగారు. ఆ ఏర్పాటు లేకుండా నేరుగా గాయంలోకి కెమెరా పెట్టకండి, దయచేసి.

ఇంకో సంగతి. తీసిన రోజు తేలిగ్గా అనిపిస్తుందని ఎదురుచూడకండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత తమ బాధాకరమైన అనుభవాల గురించి రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది, కానీ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. నాకూ దాదాపు అలాగే జరిగింది. ఫ్యాన్ షాట్ తీసిన రాత్రి నిద్ర లేదు, ఆ వారమంతా కలలే. మార్పు తెలిసింది చాలా నెలల తర్వాత, ఒక కస్టమర్ ఇంట్లో టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంటే దాని ముందే కూర్చుని కాఫీ తాగి వచ్చాక, దారిలో గుర్తొచ్చింది.

ఎర్రగడ్డ పేరెత్తాను కాబట్టి ఒక మాట. ఆ పేరు చెప్పగానే మనవాళ్లు నవ్వుతారు, "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి" అని పిల్లల్ని కూడా అంటారు. అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆస్పత్రి, బాధతో వచ్చినవాళ్లకి వైద్యం చేసే చోటు. ఆ నవ్వుకి భయపడి గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయిన మనుషులు నాకు తెలుసు. ముందు ఫోన్‌లో మాట్లాడి చూద్దామనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

షూటింగ్ మధ్యలో తట్టుకోలేకపోతే?

ఆపేయాలి, అంతే. "ఇంతదాకా వచ్చాం కదా, ఈ ఒక్క షాట్" అనే మాట ఎవరి నోటా రాకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. మేం ఒక గుర్తు పెట్టుకున్నాం, నేను చెయ్యి ఎత్తితే ఎందుకని అడక్కుండా లైట్లు వెయ్యాలి. ఊపిరి ఆడనట్టయితే పాదాలు నేలకి గట్టిగా ఆనించి, చుట్టూ కనిపిస్తున్న అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. మనసు ఆ గదిలోంచి ఈ గదిలోకి వస్తుంది. ఫ్లాస్కులో టీ, తిరిగి వెళ్లడానికి బండి, రాత్రికి తోడు ఒక మనిషి, ఇవి కెమెరా కంటే ముందు చూసుకోవాల్సినవి.

మగపిల్లలకి కూడా జరుగుతుందా?

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ కాసేపు ఏమీ రాయలేక కూర్చుంటాను. జరుగుతుందండీ. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం బయటపెట్టింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నవాళ్లు 53.22 శాతం. వాళ్లలో సగానికి పైగా, 52.94 శాతం, మగపిల్లలు. మగపిల్లాడు చెప్తే "మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా" అంటారు, అందుకే చెప్పడు.

నన్ను అలా ఏం చెయ్యలేదు, కొట్టేవాళ్లు. అది కూడా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. మన బడుల్లో గోడకుర్చీ, తొడపాశం, కోదండం అని హింసకి పేర్లే పెట్టుకున్నాం. "మా మాస్టారు తొడపాశం పెడితే రక్తం వచ్చేది" అని పెద్దయ్యాక నవ్వుతూ చెప్పుకుంటాం. నవ్వుతూ చెప్తున్న మనిషి చేతులు చూడండి ఒకసారి. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో తిన్న బెల్టు దెబ్బలకీ ఇదే మాట. మీ గాయం సినిమాకి చాలినంత పెద్దదా అని కొలవకండి.

నాకు గుర్తున్నది నిజమో కాదో నాకే నమ్మకం లేదు.

ఈ అనుమానం దాదాపు అందరికీ ఉంటుంది. కలలాంటి సినిమాలో ఉన్న మేలు ఏంటంటే, ఆ అనుమానాన్నే అందులో పెట్టొచ్చు. నా సినిమాలో తలుపు ఒక షాట్‌లో నీలం, ఇంకో షాట్‌లో ఆకుపచ్చ, ఎందుకంటే నాకు నిజంగా గుర్తులేదు. గుర్తున్నదానికీ ఊహకీ మధ్య ఖాళీని మనం అబద్ధంతో పూడ్చాల్సిన పని లేదు. అయితే కేసు పెట్టే ఆలోచన ఉంటే జాగ్రత్త. ముందు లాయరుతో మాట్లాడండి, మీకు గుర్తున్నది గుర్తున్నట్టు విడిగా రాసి పెట్టుకోండి, ఆ తర్వాతే సినిమా.

చిన్నప్పటి నాలా ఒక పిల్లాడితో నటింపజేయొచ్చా?

వీలైతే వద్దంటాను. నేను చాప మీద ఖాళీగా వదిలేశాను, చూసినవాళ్లందరికీ అక్కడ పిల్లాడు కనిపించాడు. తోలుబొమ్మలాటలా దుప్పటి వెనక టార్చిలైటు పెట్టి, అట్టముక్కతో కత్తిరించిన బొమ్మని ఆడించొచ్చు. నీడకి మొహం ఉండదు కాబట్టి చూసేవాళ్ల కన్ను తట్టుకుంటుంది, మన కన్నూ తట్టుకుంటుంది.

పిల్లలు కావాల్సిందే అనుకుంటే తల్లిదండ్రులకి కథ మొత్తం దాచకుండా చెప్పాలి, వాళ్లు సెట్లో ఉండాలి. 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం పిల్లలతో షూటింగ్‌కి జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, రోజుకి అయిదు గంటలకి మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. ఇక లైంగిక హింసని పిల్లల మీద చూపించే దృశ్యం నటనైనా సరే, గ్రాఫిక్స్ అయినా సరే, అసలు ఊహించకండి. అది పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే చట్టం) కింద నేరం, అంతకంటే ముందు ఇంకో పిల్లాడికి మనం చేసే హాని.

ఆ మనిషి పేరు చెప్పొచ్చా? ఇన్నేళ్ల తర్వాత కేసు పెట్టొచ్చా?

నేను పేరు చెప్పలేదు. సినిమాలో పేరు పెడితే పరువునష్టం కేసు మీ మీదకి రావచ్చు, పెట్టాలనుకుంటే లాయరుని అడిగాకే పెట్టండి.

కేసు సంగతి: పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. దాని కింది నేరాల గురించి పెద్దయ్యాక చెప్పడానికి గడువేమీ లేదని 2018లో కేంద్ర న్యాయశాఖ స్పష్టం చేసింది. అంతకుముందు జరిగినవాటికి మాత్రం అప్పటి ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, నాదీ అదే. బాధితులైన పిల్లల వివరాలు మీడియాలో బయటపెట్టడాన్ని పోక్సో 23వ సెక్షన్ నిషేధిస్తుంది, కాబట్టి మీ కథలో మీ చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్లని గుర్తుపట్టేలా ఏదీ ఉండకూడదు.

ఒక్కటి మాత్రం పక్కన పెట్టొద్దు. ఆ మనిషి ఇప్పటికీ పిల్లల మధ్య తిరుగుతున్నాడని, వాళ్లకి ప్రమాదం ఉందని మీకు తెలిస్తే, సినిమా తర్వాత, ఫిర్యాదు ముందు. తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం పోక్సోలో నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098. నా విషయంలో ఆ మాస్టారు చనిపోయారని వాకబు చేశాకే నేను కెమెరా పట్టుకున్నాను.

క్షమించాలా?

అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లకి చెప్పాలా?

చెప్పాలని రూలేం లేదు. నమ్మరని, లేదా "నలుగురికీ తెలిస్తే ఎలా" అని నోరు మూయిస్తారని మీకు ముందే తెలిస్తే, మొదటిసారి చెప్పే మాట వాళ్లకి చెప్పకండి. సైకాలజిస్టుకో, ఒక మంచి స్నేహితుడికో చెప్పండి.

నేను మా అమ్మకి వంటింట్లో చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సగం చెప్పేసరికి తన చేతులు ఆగిపోయాయి. చాలాసేపటికి, "నువ్వు ట్యూషన్‌కి వెళ్లనని ఏడిస్తే నేనే కదరా రిక్షా ఎక్కించి పంపించింది" అంది. నేనేదో సర్దిచెప్పబోయాను. "ఉండరా, నన్ను ఏడవనీ" అంది. ఇద్దరం అలాగే కూర్చున్నాం, ఆ పూట కూర చెయ్యలేదు. చెప్పేముందు నా బాధ గురించే ఆలోచించాను, అమ్మకి కూడా ఆ తర్వాత ఎవరో ఒకరు కావాలని నాకు తట్టలేదు. మీరు ఆ ఏర్పాటు ముందే చూసుకోండి, పిన్నో అత్తో, ఎవరో ఒకరు.

కెమెరా లేదు, డబ్బు లేదు, ఎడిటింగ్ రాదు.

2003లో జోనథన్ కావెట్ అనే ఆయన తన చిన్నతనం మీద 'టార్నేషన్' అనే డాక్యుమెంటరీని ఐమూవీ అనే మామూలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, సుమారు 218 డాలర్ల ఖర్చుతో తయారుచేశారు. నాకైన ఖర్చు ఫ్యాన్ 350, టీలు, సమోసాలు. ఫోన్ చాలు. ఎడిటింగ్ రాకపోతే ఒకే షాట్ తీయండి.

తీశాక ఎవరికి చూపించాలి?

ఎవరికీ చూపించకపోయినా అది సినిమాయే. నేను మొదట సైకాలజిస్టుకి, తర్వాత మా సౌండ్ ఫ్రెండుకి, తర్వాత ఇంకో ఆరుగురికి నా ఎడిటింగ్ గదిలోనే చూపించాను. మొదలుపెట్టేముందు తలుపు తీసే ఉంచాను, లేచి వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లొచ్చని చెప్పాను. ఒకాయన వెళ్లారు, పది రోజుల తర్వాత ఫోన్ చేసి గంటన్నర మాట్లాడారు. ఆన్‌లైన్‌లో పెట్టలేదు. ఒకసారి పెట్టాక తీసెయ్యడం మన చేతిలో ఉండదు, కింద వచ్చే కామెంట్లయితే అస్సలు మన చేతిలో ఉండవు.

ఆ ఫ్యాన్ ఏం చేశారు?

పారేద్దామని మెట్ల కింద పెట్టాను. అమ్మ చూసి, "తిరుగుతుందా ఇది?" అంది. అదెక్కడిదో చెప్పాను. కాసేపు దాన్నే చూసి, వెనకాల ఇరికించిన పెళ్లికార్డు ముక్క తనే పీకేసి లోపలికి తీసుకెళ్లింది. ఇప్పటికీ మూడో నంబర్ మీదే తిరుగుతుంది. తలస్నానం చేశాక దాని ముందు కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటుంది.